దినం పెట్టుకున్న మనిషి

ఆ ఉదయం కూడా ఇలారియె చనిపోలేదు. లేచి, మొహం కడుక్కుని, వంటింట్లోకి వచ్చి, ఉల్లికాడలు ఎక్కడ పెట్టావని భార్యను అడిగాడు.

సావేత మొక్కజొన్న ముద్ద కలుపుతున్న కర్రను గిన్నె అంచుకేసి టక్కున కొట్టింది.

"రాత్రి పడుకునేటప్పుడు ఏమన్నావు? 'తెల్లారి నన్ను లేపకు సావేతా, నేను లేవను' అన్నావు. దుప్పటి గడ్డం దాకా లాక్కుని, చేతులు గుండెల మీద పెట్టుకుని మరీ అన్నావు. నేనేమో కళ్ళు మూయకుండా నీ ఊపిరి వింటూ పడుకున్నా. ఇప్పుడు నీకు ఉల్లికాడలు కావాలా?"

"పోయేదాకా తినాలి కదే," అన్నాడు ఇలారియె శాంతంగా, పొయ్యి పక్కనున్న కట్టెల మొద్దు మీద కూర్చుంటూ.

బల్ల చుట్టూ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. కానీ అతను వాటిలో కూర్చోడు. అవి సావేతవి, కూతురు వియోరికవి, వచ్చేపోయే వాళ్ళవి. తన కుర్చీని మూడేళ్ళ కిందటే దానమిచ్చేశాడు. అది అవతలి లోకంలో తన కోసం కాచుకుని ఉంది. ఈ లోకంలో మాత్రం పక్కింటి త్రాయిల దాన్ని వాకిట్లో వేసుకుని, పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ, వచ్చేపోయే బండ్లు చూస్తుంటాడు.

సావేత ముద్దను చెక్కపలక మీద బోర్లించి, దారంతో ముక్కలు కోసింది. కోస్తూనే భర్త మొహం వైపు చూసింది. కింది రెప్ప ఈమధ్య వేలాడుతోంది. చెవి కింద గడ్డ అక్రోటు కాయంత అయింది. పెరట్లోంచి రెండు మెట్లు ఎక్కి వచ్చేసరికే రొప్పుతున్నాడు. భయమేసినప్పుడల్లా ఆమెకు కోపమే బయటికొస్తుంది.

"వియోరిక బయల్దేరిందట. ఆ రబ్బరు జోళ్ళు తీసి కాళ్ళు కడుక్కో. ఆసుపత్రికి రబ్బరు గలోషుల్లో వస్తావా?"

"నేనెక్కడికీ రాను. రానని నిన్ననే చెప్పాగా."

ఇదంతా ఆ కంటితోనే మొదలైంది. రెప్ప లోపల పచ్చి చేప కండలా గులాబీ రంగు మచ్చ. నొప్పి లేదు, పుసి లేదు. ఊరి డాక్టరు కళ్ళకలక అని చుక్కలు రాశాడు. సీసాలు ఖాళీ అవుతూ పోయాయి గాని మచ్చ కదల్లేదు. కడుపులో మంట అంతకు ముందు నుంచే ఉంది. దానికి ఇలారియె సోడా కలుపుకుని తాగి, గట్టిగా త్రేన్చి, తగ్గిపోయిందనేవాడు. చివరికి కూతురి పోరు పడలేక క్రయోవా పట్నం పెద్దాసుపత్రికి వెళ్తే, కంట్లోంచి గింజంత ముక్క తీశారు. కడుపులోకి గొట్టం వేసి ఇంకో ముక్క తీశారు. ఛాతీ ఫొటోలో ఊపిరితిత్తి మీద మసకగా ఒక మచ్చ కనబడింది. మూడు చోట్లా ఒకటే జబ్బు, లింఫోమా. అది క్యాన్సరే, కానీ నెమ్మదిగా పెరిగే రకం.

డాక్టరమ్మ పర్వులెస్కు వయసులో చిన్నది, ఓపిక గలది. "ఇన్ని అవయవాల్లో ఉందని బెదిరిపోకండి తాతగారూ," అంది. "వేరే క్యాన్సర్లలో అయితే ఇది చెడ్డ కబురే. ఇది మాత్రం నత్తలాంటిది. కడుపులో ఒక సూక్ష్మజీవి ఉంది, దానికి కొన్నాళ్ళు బిళ్ళలు వేసుకోండి. మిగతాదానికి ఇప్పుడు ఏ మందూ వద్దు. ఇంటికెళ్ళండి. మధ్యమధ్యలో వచ్చి చూపించుకోండి. అది మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన రోజున మందు మొదలెడతాం. దీంతో ఏళ్ళకేళ్ళు బతికి, చివరికి వేరే దేనితోనో పోయేవాళ్ళే ఎక్కువ."

ఇంత చెబితే ఇలారియె చెవికెక్కింది రెండు ముక్కలే. ఏ మందూ వద్దు. ఇంటికెళ్ళండి.

వాళ్ళ ఊళ్ళో ఆ మాటకు ఒకే అర్థం. ఎవరినైనా "ఆసుపత్రి వాళ్ళు ఇంటికి పంపేశారట" అన్నారంటే, ఆడవాళ్ళు శిలువ గుర్తు వేసుకుని దినం ప్రసాదానికి గోధుమలు నానబోస్తారు. మందు ఇవ్వలేదంటే మందు లేదనే లెక్క. సావేత దారి పొడవునా బస్సులో నచ్చజెప్పింది. ఆమె బడికి వెళ్ళింది నాలుగు క్లాసులే అయినా, ఊరి గ్రంథాలయంలో చదవని పుస్తకం లేదు. ఆసుపత్రిలో ఇచ్చిన కరపత్రాన్ని మడతలు చిరిగేదాకా చదివింది. నత్త మాట నిజమేనని ఆమెకు అర్థమైంది. ఎప్పుడో, ఎవరికో, ఈ నత్త ఉన్నట్టుండి పరుగు అందుకుంటుందన్న వాక్యం కూడా కంటపడింది. దాన్ని ఎవరికీ చదివి వినిపించలేదు.

ఇలారియె మాత్రం పాదిరి దగ్గరికి వెళ్ళి తన దినానికి తేదీ పెట్టించుకున్నాడు. ఆ ప్రాంతంలో అది ఉన్న ఆచారమే. పోయాక పిల్లలు సరిగ్గా చేస్తారో చేయరో అని అనుమానం ఉన్నవాళ్ళు బతికుండగానే తమ దినం తామే పెట్టుకుంటారు. ఆ రోజు దానమిచ్చినవి అవతలి లోకంలో తమకు చేరతాయని నమ్మకం. వాకిట్లో బల్లలు వేశారు. క్యాబేజీ, పంది మాంసం వండారు. అక్రోట్లు చల్లిన గోధుమ ప్రసాదం పళ్ళేల్లో కుప్పపోశారు. ఇలారియె తన మంచం, పరుపు, దిండు, చిన్న బల్ల, కుర్చీ, పళ్ళెం, చెంచా, కూజా, ఉన్ని కోటు, టోపీ, తోలు బూట్లు అన్నీ వెలిగించిన కొవ్వొత్తి మీదుగా త్రాయిల చేతిలో పెట్టాడు. "దేవుడు నీకు అక్కడ చేరవేయుగాక," అని త్రాయిల అన్నీ అందుకున్నాడు. ఊరంతా తిని, తాగి, క్యాబేజీ బాగుందని మెచ్చుకుని వెళ్ళింది.

తర్వాత అందరూ ఎదురుచూశారు. ఇలారియె పోలేదు.

మొదటి ఏడాది పరీక్షలకు వెళ్ళాడు. ఆ తర్వాత "దినం అయిపోయినవాడికి పరీక్షలేంటి" అని మానేశాడు. పైకప్పు కారుతుంటే పెంకు మార్చడు, "నేనుండను కదా" అంటాడు. కుక్క చచ్చిపోతే కొత్త పిల్లను తేనివ్వడు, "నాకు అలవాటు పడి బెంగ పెట్టుకుంటుంది" అంటాడు. బూట్లు ఇచ్చేశాడు గనక ఎండకీ మంచుకీ ఆ గలోషులే. ప్రతి చలికాలం ఆఖరిది. ప్రతి ఈస్టరూ ఆఖరిది. పంది మాంసం వేపుడు కూడా ఆఖరిదే, అయినా రెండోసారి వడ్డించుకుంటాడు. సావేతకు వీడ్కోళ్ళంటే చిన్నప్పటి నుంచీ భయం. తండ్రిని ప్రభుత్వం వాళ్ళు కాలువ తవ్వే వెట్టిచాకిరీకి పట్టుకుపోయిన రోజున ఆమె గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది. ఆయన తిరిగి రాలేదు, ఆ చెయ్యి ఊపడమే మిగిలింది. అలాంటి మనిషికి మూడేళ్ళుగా రోజూ వీడ్కోలు చెప్పే మొగుడు దొరికాడు.

గేటు దగ్గర కారు ఆగింది. వియోరిక క్రయోవాలో ట్రాము నడుపుతుంది. పగలంతా గంట కొట్టుకుంటూ జనాన్ని తప్పించుకుంటూ నడిపే మనిషి కాబట్టి ఇంటికొచ్చినా గొంతు తగ్గదు.

"ఏంటి, ఇంకా తయారవలేదా? నాన్నా, ఆ మొద్దు మీంచి లే!"

"ఆయన రాడట," అంది సావేత.

"రాడా? నేను సెలవు పెట్టి వచ్చాను. పోయిన వారం నిన్ను బలవంతాన లాక్కెళ్తే డాక్టరమ్మ ఏం చెప్పింది? గడ్డ పెరిగింది, రక్తం తగ్గింది, ఊపిరితిత్తిలో మచ్చ పెద్దదైంది, ఇక ఆగకూడదు, ఇప్పుడు మందు వేద్దాం అంది. వారానికోసారి, నాలుగు వారాలు. పొద్దున సూది గుచ్చి సీసా తగిలిస్తారు, సాయంత్రం ఇంటికి. జుట్టు కూడా ఊడదంది."

"ఊడ్డానికేముంది గనక," అన్నాడు ఇలారియె, బట్టతల తడుముకుని.

"జోకులు వెయ్యకు నాన్నా!"

"నేను పోవడానికి సిద్ధంగా ఉన్నాను బిడ్డా. సర్దుకున్నవాణ్ణి మళ్ళీ మూట విప్పించకండి."

"మూడేళ్ళ కిందట మందు ఇవ్వలేదని చచ్చిపోతున్నానన్నావు. ఇప్పుడు మందిస్తామంటే అదీ వద్దంటావు. నీతో ఏగడం ఎవరి తరం? అమ్మని చూడు, ఎలా అయిపోయిందో!"

ఇంతలో తలుపు తోసుకుని త్రాయిల వచ్చాడు. ఒంటి మీద ఇలారియె ఉన్ని కోటు, కాళ్ళకు ఇలారియె తోలు బూట్లు. కేకలు విని వచ్చానని చెప్పకుండా, అగ్గిపెట్టె కోసం వచ్చానన్నాడు.

"రా త్రాయిలన్నా, రా," అంది సావేత. "కోటు బాగా పట్టిందే నీకు."

"భుజాల దగ్గర కొంచెం బిగుతు," అన్నాడు త్రాయిల ఇబ్బందిగా. "ఇలారియె, వెళ్ళరా బాబూ. నాకు మాత్రం ఏం బాగుంటుంది చెప్పు? నీ బూట్లు తొడుక్కుని సంతకెళ్తే, 'ఇంకా ఉన్నాడా ఆయన' అని అడుగుతున్నారు. ఉన్నాడంటే నావైపు దొంగని చూసినట్టు చూస్తున్నారు."

వియోరిక ఫక్కున నవ్వింది. ఇలారియె కూడా నవ్వాడు. సావేతకు మాత్రం నవ్వు రాలేదు. ఆ బూట్లను చూసేసరికి ఆమెలో మూడేళ్ళుగా మరుగుతున్నది పొంగింది. కలుపు కర్ర ఇంకా చేతిలోనే ఉంది.

"నవ్వండి! అందరూ నవ్వండి! ఓ మనిషీ, నిన్నో మాట అడుగుతా. అక్కడికి అన్నీ పంపించుకున్నావు. మంచం పంపావు, కూజా పంపావు, టోపీ కూడా మర్చిపోలేదు. కుర్చీలు ఎన్ని పంపావు?"

"ఏంటి?"

"ఎన్ని కుర్చీలు?"

"ఒకటి."

"చెంచాలు?"

ఇలారియె పొయ్యిలోకి ఒక కట్టె తోశాడు.

"ఒక కుర్చీ, ఒక చెంచా, ఒంటి మంచం, ఒక దిండు. పెళ్ళయినప్పటి నుంచీ నీకు ముద్ద కలిపి పెట్టినదాన్ని. నీ గురకకు ఇటు తిరిగి, నీ దగ్గుకు అటు తిరిగి పడుకున్నదాన్ని. అక్కడ నువ్వు ఇల్లు కట్టుకుంటుంటే ఈ ముసలిది వస్తే ఎక్కడ కూర్చుంటుందీ అన్న ఆలోచన కూడా రాలేదా? ఆ రోజు ఊరంతా క్యాబేజీ తింటుంటే నేను ఆ ఒక్క కుర్చీనే చూస్తూ నిలబడ్డా. ఎవరికీ చెప్పలేదు. మూడేళ్ళు మింగాను. నేను గుమ్మంలోనే నిలబడాలా అక్కడ కూడా?"

కర్రను బల్ల మీద పడేసి తల గుడ్డ అంచుతో మొహం కప్పుకుంది.

త్రాయిల బూట్ల వైపు చూసుకున్నాడు.

"రెండో కుర్చీ కొన్నాను," అన్నాడు ఇలారియె చివరికి. "అటక మీద ఉంది. దినానికి ముందు రోజు దాకా పెడదామనే అనుకున్నా. పాదిరి అడిగాడు, 'ఎవరి కోసం?' అని. సావేత కోసం అందామనుకుని నోరు తెరిచా. మాట రాలేదు. బతికున్న మనిషికి అక్కడ కుర్చీ వేస్తే పిలిచినట్టు కాదూ? నువ్వేమో ప్రతిదానికీ భయపడతావు. ఇంకా ఎన్నో ఏళ్ళు ఉండాల్సినదానివి. నిన్ను పిలవడానికి నాకు చేతులు రాలేదే ముసలీ."

సావేత తల గుడ్డలోంచి మొహం ఎత్తింది.

"అయితే," అంది ముక్కు చీదుకుని, "నిన్ను నువ్వు పిలుచుకోవడానికి మాత్రం చేతులొచ్చాయా? ఇలారియె, నా కళ్ళలోకి చూసి చెప్పు. చావంటే భయం లేదంటావు. మరి సూదంటే ఎందుకు భయం?"

అతను కిటికీ వైపు తిరిగాడు. వేలాడే రెప్ప కింద గులాబీ మచ్చ తడిగా మెరిసింది.

"గ్లిగోర్," అన్నాడు.

గ్లిగోర్ అతని తమ్ముడు. చాలా ఏళ్ళ కిందట, వేరే ఊళ్ళో, వేరే జబ్బుతో ఆసుపత్రిలో పోయాడు.

"పోయేటప్పుడు వాడి చేతిలో వెలిగించిన కొవ్వొత్తి లేదు. గదిలో ప్రాణవాయువు గొట్టాలున్నాయి, నిప్పు వద్దన్నారు. నేను కొవ్వొత్తి జేబులో పెట్టుకుని వరండాలో నిలబడ్డా. లోపల వాడు పోయాడు, చీకట్లో పోయాడు. దారి కనబడుతుందా చెప్పు? నాకు ఇంకేమీ వద్దు. ఎప్పుడు పోయినా ఇక్కడ పోతే, నువ్వుంటావు, చేతిలో వెలుగు పెడతావు. అక్కడ సీసా తగిలించుకుని ఉండగా పోతే?"

"నాన్నా, అది పగలు వేసే మందు. దాంతో ఎవరూ..." అని వియోరిక మొదలుపెట్టింది.

"నువ్వు ఊరుకో," అంది సావేత.

ఆమె లేచి ముందు గదిలోకి వెళ్ళింది. దేవుడి పటం వెనక నుంచి తేనెమైనపు కొవ్వొత్తి తీసింది. త్రాయిల అడగడానికి వచ్చిన అగ్గిపెట్టె తీసి, అతనికివ్వకుండా, రెండూ తన చేతిసంచిలో వేసుకుని వచ్చింది.

"నీ పక్కనే కూర్చుంటా. ఎవరు వెళ్ళమన్నా వెళ్ళను. నువ్వు కళ్ళు తేలేశావనుకో, ఆసుపత్రి తగలబడినా సరే వెలిగిస్తా. చాలా?"

ఇలారియె ఆమె చేతిసంచి వైపు చూశాడు.

"తగలబెట్టేదాకా ఎందుకులే," అన్నాడు. "కిటికీ దగ్గర వెలిగించు." అని, మొద్దు మీంచి లేచాడు.

ఆసుపత్రిలో మందెక్కించే గది వెలుతురుగా ఉంది. వరసగా వాలు కుర్చీలు. ఇలారియె ఒకదాని ముందు గలోషులతో నిలబడిపోయాడు.

"ఇది ఎవరిదమ్మా?" అని నర్సును అడిగాడు.

"మీదే తాతా. సాయంత్రం దాకా మీదే. కూర్చోండి."

అతను ముందు అంచున ఆనాడు. తర్వాత వెనక్కి వాలాడు. మూడేళ్ళ తర్వాత తనది అన్న కుర్చీలో వీపుకు ఆసరా తగిలేసరికి ఆ మొహంలోకి వచ్చిన హాయి చూసి ఆమెకు ఒళ్ళు మండింది. ఇంత సుఖపడే మనిషి మూడేళ్ళు కట్టెల మీద కూర్చున్నాడు!

సీసా సగం కాకముందే అతనికి వణుకు పుట్టింది. పళ్ళు టకటకలాడాయి, పెదాలు తెల్లబడ్డాయి. సావేత చెయ్యి సంచిలోకి వెళ్ళి కొవ్వొత్తిని పట్టుకుంది. నర్సు పరుగున వచ్చి మందు ఆపింది. ఇంకో సూది వేసి, దుప్పటి కప్పింది. మొదటిసారి కొందరికి ఇలాగే అవుతుంది, భయం లేదు, కాసేపాగి నెమ్మదిగా ఎక్కిద్దాం అంది. ఆ మాటలేవీ సావేతకు వినబడలేదు.

"తెచ్చావా?" అన్నాడు ఇలారియె వణుకుతూ.

"తెచ్చా."

"అగ్గిపెట్టె?"

"అదీ ఉంది."

"అయితే సరే," అని కళ్ళు మూసుకున్నాడు.

"ఏం తెచ్చారు అవ్వా?" అంది నర్సు అనుమానంగా.

"బిస్కెట్లు," అంది సావేత.

వణుకు దానంతటదే తగ్గింది. మధ్యాహ్నానికి అతను పక్క కుర్చీలో ఉన్న మేస్త్రీతో పైకప్పు పెంకుల గురించి వాదిస్తున్నాడు. తర్వాతి వారాల్లో వణుకు రాలేదు. వచ్చినా రాకపోయినా సావేత సంచి ఒళ్ళోంచి దించలేదు.

వేసవి గడిచాక డాక్టరమ్మ కొత్త ఫొటోలు చూసింది. చెవి కింద గడ్డ కరిగింది. కన్ను తేటపడింది. కడుపు బాగుంది. ఊపిరితిత్తిలో మచ్చ చిన్నదైంది గాని పూర్తిగా పోలేదు.

"మళ్ళీ రావచ్చు," అంది దాచకుండా. "వచ్చినప్పుడు మళ్ళీ చూసుకుందాం. ఇది పూర్తిగా వదిలిపోతుందని చెప్పను. కానీ దీంతో కలిసి బతకొచ్చు. ఇప్పటికి ఏ మందూ వద్దు. ఇంటికెళ్ళండి."

మళ్ళీ అదే మాట! సావేత భయం భయంగా భర్త వైపు చూసింది. ఇలారియె బట్టతల తడుముకుంటూ ఆలోచిస్తున్నాడు.

"నత్త," అన్నాడు.

"అవును తాతగారూ, నత్తే."

బస్టాండు పక్క సంతలో అతను బూట్ల కొట్టు ముందు ఆగాడు. తోలు వంచి చూశాడు, అడుగు గోరుతో నొక్కాడు.

"ఇవి ఎన్నాళ్ళు వస్తాయి?"

"బాగా చూసుకుంటే పదేళ్ళు పెద్దాయనా."

"పదేళ్ళా? అంత వద్దు. రెండేళ్ళు వచ్చేవి చూపించు, చవగ్గా."

"పదేళ్ళవే ఇవ్వు," అంది సావేత వెనకనుంచి. "ఆయన మాట వినకు. మూడేళ్ళ కిందట పోయాడాయన."

బస్సులో కొత్త బూట్లు కిర్రుకిర్రుమంటున్నాయి. టిక్కెట్టు కోసం సంచి తెరిస్తే కొవ్వొత్తి కంటబడింది. ఇన్నాళ్ళ ఒంటి వేడికి మెత్తబడి కొడవలిలా వంగిపోయింది. ఇలారియె దాన్ని తీసి వేలు మీద నిలబెట్టబోయాడు. నిలబడలేదు.

"దీంతో నాకు దారి చూపించేదానివా? సరాసరి పక్కింటికి పోయేవాణ్ణి."

"నీ కుర్చీ అక్కడే ఉందిగా," అంది సావేత. ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుతుండగానే ఆమెకు కళ్ళనీళ్ళు వచ్చాయి, తుడుచుకోలేదు.

ఇంటికొచ్చాక అతను అటకెక్కి, రొప్పకుండా దిగి వచ్చాడు. దుమ్ము పట్టిన కుర్చీని గుడ్డతో తుడిచి బల్ల దగ్గర వేసి, దాని మీద తనే కూర్చున్నాడు. ముద్ద, జున్ను, ఉల్లికాడలు తిన్నాడు. పడుకునే ముందు, అలవాటు ప్రకారం, దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. సావేత బిగుసుకుని ఎదురుచూసింది.

"సావేతా," అన్నాడు. "తెల్లారి లేపు. పెంకులు మార్చాలి."

ఆమె కాసేపు అతని ఊపిరి వింటూ పడుకుంది. కొంచెంసేపే. తర్వాత ఆమెకే ముందు నిద్ర పట్టింది.